హర్షెల్ చెవుల డబ్బు

వెల్డా స్కాగ్స్‌కి పొద్దున పూట నీళ్ళు తాగే అలవాటు ఎప్పుడో పోయింది. మా కొండల్లో స్కూలు బస్సు తోలేవాళ్ళెవరికీ ఆ అలవాటు ఉండదు. చీకటి ఉండగానే బస్సు తీస్తే, వాగుల పక్కన మెలికలు తిరిగే రోడ్ల మీద ఇల్లిల్లూ ఆగి, చివరి పిల్ల బడి మెట్లెక్కేసరికి బాగా పొద్దెక్కుతుంది. మధ్యలో మరుగుదొడ్డి లేదు. ఉన్నా దిగకూడదు. పిల్లల్ని లోపల వదిలి డ్రైవరు దిగిందంటే ఉద్యోగానికి ఆ రోజే ఆఖరు. అందుకని నోరు తడుపుకోవడానికి రెండు గుక్కల కాఫీ, అంతే. మధ్యాహ్నం బడి వదిలాక మళ్ళీ అదే తంతు.

నీళ్ళు తగలని కడుపు ఎండిపోతుంది. వెల్డాకి మలబద్ధకం పట్టుకుని ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. గ్యారేజీలో మిగతా డ్రైవర్లదీ అదే గోడు కాబట్టి దాన్ని ఎవరూ రోగం కింద జమకట్టలేదు. ఇంజన్లు వేడెక్కేలోపు కాఫీ కప్పులు పట్టుకుని నిలబడి దాని మీదే వేళాకోళాలు.

"నా ప్రార్థన ఆదివారం ఆదివారం ఫలిస్తుందక్కా" అనేవాడు లోనీ. ఆమె కంటే పదేళ్ళు చిన్నవాడు, నోట్లో నువ్వుగింజ నానదు.

"నీది నయంరా. నాకు పండక్కీ పబ్బానికీ" అనేది వెల్డా. నవ్వుకుని ఎవరి బస్సు వాళ్ళు ఎక్కేవాళ్ళు.

ఆమె మొగుడు హర్షెల్ బతుకంతా రంపపు మిల్లులో పని చేశాడు. రంపం అతని వేళ్ళన్నీ వదిలేసి చెవులు తీసుకుంది. కుడి చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే సగం వినపడుతుంది, ఎడమది శుద్ధ దండగ. వేరే మనిషికైతే టీవీ శబ్దం పెంచుకుంటే సరిపోయేది. హర్షెల్ కుక్కల మనిషి. రాత్రుళ్ళు తిరుగుతూ చెట్లెక్కే చిన్న అడవి జంతువు రకూన్. మా దగ్గర దాని వేట అంటే చంపడం తక్కువ, వినడం ఎక్కువ. చీకటి పడ్డాక కుక్కల్ని కొండలోకి వదిలి, ట్రక్కు వెనక తలుపు దించుకుని దాని మీద కూర్చుంటారు. ఏ కుక్క ఎక్కడుందో, వాసన పట్టిందో, రకూన్‌ని చెట్టెక్కించిందో అరుపుని బట్టి చెప్పాలి. హర్షెల్ తన కుక్కల సంగతే కాదు, పక్కవాళ్ళ కుక్కలకి దాహం వేస్తోందని కూడా గొంతుని బట్టి చెప్పేవాడు. వయసులో ఉన్నప్పుడు వెల్డా ఆ ట్రక్కు తలుపు మీదే అతని పక్కన కూర్చుని, చీకట్లోకి చెవి పెట్టి అతను చెప్పేవన్నీ వింటూ మనసు పారేసుకుంది. ఆమె పెళ్ళాడింది ఆ చెవుల్ని.

చెవులు పోయాక కుక్కల్ని ఒక్కొక్కటే అమ్మేశాడు. మిగిలింది సూకీ ఒక్కతే. దాన్ని ముసలిదని ఎవరూ కొనలేదు. సాయంత్రం అది అరుగు మీద కూర్చుని కొండకేసి మొహం పెట్టి అరుస్తుంటే, హర్షెల్ దాని పక్కటెముకల మీద చెయ్యేసి, దాని గొంతు కదలడం చూస్తూ కూర్చుంటాడు. అది చూసినప్పుడల్లా వెల్డా లేచి లోపలికి వెళ్ళిపోయేది.

స్కూలు వాళ్ళిచ్చే ఆరోగ్య బీమా పేరుకే బీమా. ఏడాదిలో మొదటి కొన్ని వేల డాలర్లు మన జేబులోంచి పోయాకగానీ వాళ్ళ చెయ్యి కదలదు. ఏడాది మారితే ఆ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. దానికి ఊరటగా ఒక ఆరోగ్య పొదుపు ఖాతా, ఆ ఖాతాకో నీలం కార్డు ఇచ్చారు. జీతంలోంచి పన్ను పడకుండా కొంత అందులోకి వెళుతుంది, జనవరిలో స్కూలు వాళ్ళు ఇంకొంత వేస్తారు. వైద్యానికి తప్ప గీకకూడదు. వాడనిది మురిగిపోదు, అలాగే ఉంటుంది. వెల్డా ఆ ఖాతాని హర్షెల్ చెవి మిషన్ల కోసం అట్టే పెట్టింది. ఈ మిషన్లకి బీమా దమ్మిడీ ఇవ్వదు. తన పన్ను పుచ్చిపోతే రెండో పక్క నమిలింది. కళ్ళజోడు విరిగితే టేపు చుట్టింది. ఖాతాని ముట్టుకోలేదు.

ముట్టుకున్నది ఒక్క పీచు పొడికే. ఇసబ్‌గోల్ పొట్టుకే నారింజ రంగూ వాసనా పట్టించి డబ్బాల్లో అమ్ముతారు, ఆ పొడి. ఆ చలికాలం కడుపు మరీ మొండికేస్తే, ఇది కూడా వైద్యమేగా అనుకుని, మందుల దుకాణంలో డబ్బా తీసుకెళ్ళి కౌంటరు దగ్గర నీలం కార్డు గీకింది. కార్డుని మిషను తీసుకోలేదు. కౌంటరులో పిల్ల ఒకప్పుడు వెల్డా బస్సులో బడికెళ్ళినదే.

"ఫైబర్‌కి ఈ కార్డు పనిచెయ్యదు మిస్ వెల్డా" అంది గట్టిగా. "ఒంట్లో ఫలానా జబ్బుందని డాక్టరు ఉత్తరం ఉండాలి. ఉత్తరం ఉంటే ముందు మీరు కట్టేస్తే ఖాతాలోంచి వెనక్కొస్తుంది. మీకు జబ్బేంటి?"

వెనక వరసలో ముగ్గురు తల్లులున్నారు, ముగ్గురి పిల్లలూ ఆమె బస్సులోనే. "నాకు జబ్బేంటే, నా మొగుడికి" అనేసి వెల్డా చేతి డబ్బిచ్చి బయటపడింది. పాపం హర్షెల్‌కి రోజూ టైమంటే టైమే.

ఉత్తరం కోసం క్లినిక్కికి వెళ్ళింది. మా క్లినిక్కిలో డాక్టరు నెలకోసారి వస్తాడు, మిగతా రోజులన్నీ ట్రీనా అనే పెద్ద నర్సే చూస్తుంది, మందులూ రాస్తుంది. కడుపు నొక్కి చూసి, ట్రీనా కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"రోజుకి నీళ్ళెన్ని తాగుతావు?"

"నీళ్ళు తాగితే ఎక్కడికెళ్ళమంటావమ్మా?"

"అది కాదు వెల్డా. ఈ పొడి నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది. పెద్ద గ్లాసుడు నీళ్ళతో తాగాలి, తాగాక ఇంకో గ్లాసు. నీళ్ళు లేకపోతే లోపల బిరడా పడుతుంది."

"సరే సరే. ఆ ఉత్తరం ఒకటి రాసిపెట్టు."

ట్రీనా రాసిచ్చింది. దీర్ఘకాలపు మలబద్ధకం, వైద్యానికి పీచు పొడి అవసరం, ఏడాది పాటు చెల్లుతుంది అని. వెల్డా దాన్ని బైబిల్లో పెట్టుకుంది. పొడికి ఉత్తరం దొరికింది గానీ, దారిలో ఒక్కసారి బస్సాపి కాలు దింపడానికి ఉత్తరం ఇచ్చేవాళ్ళు ఈ దేశంలో ఇంకా పుట్టలేదు. ఆమె ఆ పొడిని అరకప్పు కాఫీలో కలుపుకుని, చిక్కబడేలోపు గబగబా మింగి బస్సెక్కేది.

ఆకులు రాలే కాలంలో పెద్ద ఊళ్ళో చెవుల ఆవిడ హర్షెల్‌కి ఉచితంగా పరీక్ష చేసింది. చేసి, నమూనా మిషన్లు రెండు చెవుల్లో పెట్టి, కాసేపు అలా కూర్చోండి అంది. హర్షెల్ బిగుసుకుపోయి కూర్చున్నాడు. తర్వాత మెల్లగా పెళ్ళాం వైపు తిరిగాడు.

"ఏదీ, ఏదైనా అనవే."

"ఏమనను?" అంది వెల్డా, మామూలు గొంతుతో. ఇంట్లో ఆ గొంతు వాడి ఎన్నాళ్ళయిందో.

"ముసలిదానివైపోయావే" అన్నాడు హర్షెల్. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చెవి వొగ్గాడు. "ముక్కుతో ఊపిరి తీస్తుంటే ఈల వస్తోంది నీకు. నీ కడుపు కూడా ఏదో అంటోంది."

"అన్నీ వినపడతాయి, ఈ మిషన్లు చాలా సున్నితం" అంది చెవుల ఆవిడ గర్వంగా. తర్వాత వాటిని తీసి పెట్టెలో పెట్టేసుకుంది. జనవరిలో స్కూలు వాళ్ళ డబ్బు పడితే ఖాతా సరిగ్గా సరిపోతుందని వెల్డా ముందే చూసుకుంది. జనవరి రెండో వారానికి రోజు రాయించుకున్నారు. ఇంటికొచ్చే దారంతా హర్షెల్ సూకీ గురించే మాట్లాడాడు. దాని గొంతు బొంగురుపోయిందో, అలాగే ఉందో వినాలట.

క్రిస్మస్ సెలవులు దగ్గరపడ్డాయి. ట్రీనా రాసిన ఉత్తరం ఏడాది చివరితో చెల్లకుండా పోతుంది. చెల్లుబాటు ఉండగానే తీసుకుంటే మేలని వెల్డా పెద్ద డబ్బాలు నాలుగు కొని అలమరలో పెట్టింది. ఇంట్లో అంత సరుకుంటే చెయ్యి ఊరుకోదు. కడుపు కదలకపోయేసరికి ఒక చెంచా రెండయింది, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి అయింది. సెలవుల్లో నీళ్ళు తాగడానికి ఏ అడ్డూ లేదు. కానీ దాహం అనేది ఆ ఒంటికి మర్చిపోయిన చుట్టం. కాఫీలోనే కలిపి తాగింది.

పండగ వెళ్ళిన రెండోనాడు కడుపులో నొప్పి మొదలైంది. పొట్ట బిగిసి, గౌను పక్కన కుట్లు లాగేస్తున్నాయి. తిన్నది తిన్నట్టు పైకి వస్తోంది. ఇది మామూలు నొప్పి కాదని వెల్డాకి తెలుసు. మొద్దు మనిషి కాదు ఆమె. కానీ ఇప్పుడు ఆసుపత్రికి వెళితే ఈ ఏడాది లెక్కలో వేల డాలర్లు పోతాయి, నాలుగు రోజుల్లో ఏడాది మారితే మళ్ళీ వెళ్ళినప్పుడల్లా కొత్త లెక్కలో ఇంకొన్ని వేలు. అదే కొత్త సంవత్సరంలో వెళితే అంతా ఒకే లెక్కలో పోతుంది. మా దగ్గర మోకాళ్ళూ గర్భసంచులూ అన్నీ జనవరికే కోయించుకుంటారు, అందరూ చేసే పనే అది. ఈలోపు తగ్గిపోతే అసలు వెళ్ళనే అక్కర్లేదు, చెవుల డబ్బు చెవులకే ఉంటుంది. ఈ నాలుగు రోజులూ పళ్ళ బిగువున లాగేద్దాం అనుకుంది.

మొగుడికి చెప్పలేదు. సంసారం గుట్టు, రోగం రట్టు అన్నారు పెద్దలు. కానీ హర్షెల్‌కి ఏం చెప్పాలన్నా అరవాలి. వాళ్ళుండేది ట్రెయిలర్‌లో, చక్రాల మీద తెచ్చి నిలబెట్టే రేకుల ఇల్లది. ఆ రేకుల గోడల్లో అరిస్తే పక్క ట్రెయిలర్ ఇంటి వాళ్ళకి ముందు వినపడుతుంది, హర్షెల్‌కి తర్వాత. "నాకు దొడ్డికి రావట్లేదయ్యా" అని ఊరు వినేలా కేకపెట్టడం ఎవరివల్ల అవుతుంది? అతను మొహం చూసి "ఏమే, అలా ఉన్నావు?" అంటే, "చలి" అని సైగ చేసింది.

కొత్త సంవత్సరం రోజున అలసందలూ క్యాబేజీ పంది మాంసంతో వండి తినకపోతే ఏడాదంతా చేతిలో డబ్బు ఆడదని నమ్మకం. వెల్డా పొయ్యి దగ్గర ఒక చేత్తో గట్టు పట్టుకుని నిలబడి వండింది. ఒళ్ళు కాలిపోతోంది. సంవత్సరం మారింది, ఇక అన్నం పెట్టి చెబుదాం అనుకుంటూ గిన్నె దించబోయింది. లోపల ఏదో పుటుక్కున తెగింది. ఆ తర్వాత ఒక్క నిమిషం నొప్పి పూర్తిగా పోయి ప్రాణం హాయిగా అనిపించింది. అంతలోనే వెయ్యింతలై తిరిగొచ్చింది. అలసందల గిన్నెతో సహా నేల మీద పడింది.

"హర్షెల్" అని పిలిచింది. అతను అరుగు మీద ఉన్నాడు, తలుపుకి అవతల, పది అడుగుల దూరంలో. మళ్ళీ పిలిచింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అంత గట్టిగా అతన్ని ఎప్పుడూ పిలవలేదు. తలుపు సందులోంచి అతని బూటు కనిపిస్తూనే ఉంది, తాపీగా ఊగుతూ.

విన్నది సూకీ. లేచి అరవడం మొదలుపెట్టింది. హర్షెల్ అలవాటుగా దాని పక్కటెముకల మీద చెయ్యేసి గొంతు చూశాడు. ఎప్పుడూ కొండకేసి అరిచే కుక్క ఇంటి తలుపుకేసి అరుస్తోంది. అప్పుడు లేచాడు.

ఆసుపత్రిలో పేగు పగిలి లోపలంతా విషమైందన్నారు. కోసి, చెడిన ముక్క తీసేసి, మిగిలిన పేగు చివర పొట్ట మీదికి తెచ్చి, మలం పడడానికి అక్కడో సంచి తగిలించారు. కోసిన డాక్టరమ్మ మంచిదే, మెల్లగానే చెప్పింది.

"రెండు మూడు రోజుల ముందు వచ్చి ఉంటే లోపలి గడ్డ తీసి పంపించేవాళ్ళం. ఇంత దాకా ఎందుకు ఆగారు? ఇప్పుడు మళ్ళీ కలపడం కుదరదు. ఈ సంచి ఎప్పటికీ ఉంటుంది."

వెల్డా మత్తులోంచి అడిగింది, "ఇదంతా ఈ ఏడాది లెక్కలోకే వస్తుంది కదమ్మా?"

వచ్చింది. లెక్క ప్రకారం ఆమే గెలిచింది. ఖాతా ఊడ్చిపెట్టుకుపోయింది, రెండో వారానికి రాయించుకున్న రోజు వెల్డా మంచం మీద ఉండగానే దాటిపోయింది. హర్షెల్ దాని ఊసెత్తలేదు. రోజంతా ఆమె మంచం పక్కనే కూర్చుని, పెదాలు కదిలితే చాలు మీదికి వొంగి చెవి పెట్టేవాడు. ఇంటికొచ్చాక వెల్డా కౌంటరులో పిల్ల దగ్గర నీలం కార్డు గీకి, మిగిలిన చిల్లరతో సంచులూ జిగురు పట్టీలూ కొంది. మిషను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. జబ్బేంటని పిల్ల అడగలేదు, కళ్ళెత్తి చూడలేదు కూడా. సంచికి ఏ ఉత్తరమూ అక్కర్లేదట.

బస్సు తోలే సత్తువ లేదని గ్యారేజీలో రేడియో దగ్గర కూర్చోబెట్టారు. బీమా పోకుండా అదే పదివేలు అనుకుంది. దారిలో చెట్టు పడిందనో, ఫలానా పిల్ల ఈరోజు రాదనో డ్రైవర్లకి చెప్పే పని. సంచికి తెలివి ఉండదు. నిండేటప్పుడు, గాలి చేరినప్పుడు దాని ఇష్టం వచ్చినట్టు అది కూస్తుంది, నొక్కిపట్టడానికి అక్కడ కండరం లేదు. ఒకరోజు మైకు మీట నొక్కి "మూడో నంబరు బస్సు" అనబోయేసరికి పొట్ట మీద నుంచి పెద్దగా మోత వచ్చింది, దీర్ఘంగా. లోయలో తిరుగుతున్న బస్సులన్నిటిలోకీ, పిల్లలందరి చెవుల్లోకీ వెళ్ళింది.

"ఎవరక్కా, కొత్త డ్రైవరా?" అన్నాడు లోనీ రేడియోలో. వెనక పిల్లల నవ్వులు వినపడ్డాయి. అంతలోనే వాడికి గుర్తొచ్చినట్టుంది, రేడియో అంతా గమ్మునైపోయింది. ఆ నిశ్శబ్దంలో సంచి ఇంకోసారి కూసింది. నవ్వు భరించవచ్చు, ఆ నిశ్శబ్దాన్ని వెల్డా భరించలేకపోయింది.

అప్పటినుంచి చర్చికి పోవడం మానేసింది. దుకాణంలో జనం పల్చబడే వేళ చూసుకుని వెళుతుంది. ఎవరైనా పక్కన నిలబడితే పొట్ట మీద మోచెయ్యి అదిమి, ఏదో ఒకటి గలగలా మాట్లాడేస్తుంది. ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాక మాత్రం ఆ మోచెయ్యి దించుతుంది. సోఫాలో హర్షెల్ పక్కన కూర్చుంటే సంచి కూస్తుంది, బుడబుడలాడుతుంది, అతను టీవీలో బొమ్మలు చూస్తూ ఆమె చెయ్యి పట్టుకునే ఉంటాడు. ఈ భూమి మీద ఆమె సిగ్గుపడకుండా కూర్చోగలిగిన చోటు అదొక్కటే.

వసంతంలో డ్రైవర్లంతా కలిసి చర్చి హాల్లో చిక్కుడు గింజల కూరా మొక్కజొన్న రొట్టెలూ పెట్టి వెల్డా పేరున విందు చేశారు. మా దగ్గర ఎవరికి కష్టమొచ్చినా అదే పద్ధతి, తిన్నవాళ్ళు తోచినంత వేస్తారు. లోనీ అందరికంటే ఎక్కువ తిరిగాడు, ఇల్లిల్లూ పిలిచాడు. పోగైన డబ్బు కవరులో పెట్టి ఇంటికి తెచ్చి, ఆమె మొహం చూడలేక హర్షెల్ చేతిలో పెట్టాడు.

"బావ చెవులకి సరిపోతుందక్కా, నేను ఫోను చేసి కనుక్కున్నా" అని గొణిగి వెళ్ళిపోయాడు.

హర్షెల్‌కి ఆ మాట వినపడలేదు. కవరు విప్పి చూసి, తెచ్చి పెళ్ళాం ఒళ్ళో పెట్టాడు. తర్వాత చాలాసేపు అరుగు మీద సూకీ దగ్గర కూర్చుని, ధైర్యం కూడగట్టుకుని లోపలికొచ్చాడు.

"ఏమే వెల్డా" అన్నాడు. చెవిటివాళ్ళకి తమ గొంతు తెలియదు, ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి ఆ మాట మాత్రం చిన్నపిల్లాడిలా అడిగాడు. "దీంతో ఆ చెవులావిడ దగ్గరికి వెళ్ళొచ్చా? సూకీ ముసలిదైపోతోంది. ఇంకో చలికాలం ఉంటుందో ఉండదో. ఆ డబ్బు నీక్కావాలంటే వద్దులే."

సంచి సరిగ్గా అప్పుడే కూసింది, గదంతా నిండేలా. హర్షెల్ ఆమె పెదాలకేసి చూస్తున్నాడు, జవాబు కోసం. అన్నీ వినపడతాయి, చాలా సున్నితం అన్న మాట వెల్డా చెవుల్లో తిరిగింది. రాత్రీ పగలూ పక్కనే ఉండే మనిషికి తన ఒంటి లోపలి మోత ప్రతిదీ వినపడుతుంది. విని, లోనీలాగే అతనూ గమ్మునైపోతాడు. ఈ మనిషికి వినపడాలనే ఇదంతా చేసింది. పన్ను పోగొట్టుకుంది, పేగు పోగొట్టుకుంది. ఇప్పుడు ఒక్క మాట చాలు.

ఆమె అతని కుడి చెవి దగ్గరికి వొంగింది.

"చాలదయ్యా" అని అరిచింది, పక్కింటివాళ్ళకి కూడా వినపడేలా. "ఇంకా చాలా తక్కువ పడుతుంది."

హర్షెల్ తలాడించాడు. ఆమె బుగ్గ మీద చెయ్యేసి నిమిరి, "పోనీలే, ఏడవకు" అన్నాడు. బయటికి వెళ్ళి సూకీ పక్కన కూర్చున్నాడు. కాసేపటికి అది కొండకేసి తిరిగి అరవడం మొదలుపెట్టింది. గొంతు ఏమీ బొంగురుపోలేదు, ఎప్పటిలాగే ఉంది, ఆ సంగతి అతనికి చెప్పగలిగింది వెల్డా ఒక్కతే. ఆమె కిటికీ దగ్గర నిలబడి, అతను కుక్క పక్కటెముకల మీద చెయ్యేసి దాని గొంతు కదలడం చూస్తుంటే చూసింది. కవరు తీసుకెళ్ళి అలమరలో, తెరవని పీచు పొడి డబ్బాల వెనక పెట్టింది.